చేపల పై (ఫిష్ పై అనే ఇంగ్లీషు వంట)లో పాలు పోయొచ్చా? పోస్తే పెద్దవాళ్లకు చెప్పి పెట్టాలా, చెప్పకుండా పెట్టాలా?

బరంపురం కోడలు:
అందరికీ నమస్కారం. కార్తీకం నెలంతా మా ఇంట్లో నీచు వండం. పున్నమి వెళ్లిన మర్నాడు, ఛాడఖాయి రోజున, మా వీధి ఒడియావాళ్లతో పాటు మేమూ మళ్లీ చేప తెచ్చుకుంటాం. ఈసారి పిల్లలు చేపల పై చేయమంటున్నారు. ఇంగ్లాండువాళ్లు ఇళ్లలో చేసుకునే వంట అది. చేపను పాలల్లో ఉడికించి, ఆ పాలతోనే వైట్ సాస్ చేసి, పైన మెదిపిన బంగాళాదుంప పరిచి ఓవెన్‌లో ఎర్రగా కాలుస్తారు.

చిక్కల్లా పాల దగ్గరే. మా మామగారి అమ్మగారికి ఎనభై దాటాయి. చేప, పాలు కలిపి తింటే బొల్లి వస్తుందని ఆవిడ గట్టిగా నమ్ముతారు. "చెప్పకుండా పెట్టేయ్ వదినా, బాగుంటే ఆవిడే ఇంకాస్త వడ్డించమంటారు" అని మా ఆడపడుచు సలహా. నాకు మనసొప్పడం లేదు. అసలు పాలు, చేప కలిపితే నిజంగా ప్రమాదమా? ఆవిడకు ముందే చెప్పాలా? ఏ చేప తెచ్చుకోవాలి?

ఛత్రపురం చిన్నమ్మ:
వద్దమ్మా. మా అమ్మ చేపల పులుసు తిన్న రోజు మజ్జిగ కూడా పోయనిచ్చేది కాదు. సముద్రం పక్కనే పుట్టి పెరిగినవాళ్లం, చేప సంగతి మాకు తెలియదా? పిల్లలు సరదా పడితే వేపుడు చెయ్యి, కట్‌లెట్ చెయ్యి. ఇంట్లో పెద్దావిడను బాధపెట్టి చేసే వంట ఎందుకు?

పర్లాకిమిడి మాస్టారు:
చిన్నమ్మగారి మాటకు చాలా పాత ఆధారమే ఉంది. ఆయుర్వేద గ్రంథం చరక సంహిత సూత్రస్థానం 26వ అధ్యాయంలో విరుద్ధాహారం, అంటే కలిపి తినకూడని తిండి గురించి చెబుతూ చేపను పాలతో కలిపి తినవద్దన్నారు. రెండూ తియ్యని రసం గలవే అయినా పాలు చలవ చేస్తాయి, చేప వేడి చేస్తుంది కాబట్టి ఆ జంట పనికిరాదని వాదన. విరుద్ధాహారం వల్ల వస్తాయని చెప్పిన జబ్బుల్లో కిలాసం, అంటే తెల్ల మచ్చల జబ్బు కూడా ఉంది.

అయితే అదే చోట భద్రకాప్యుడు అనే ఋషి, చిలిచిమం అనే ఒక్క రకం తప్ప మిగతా చేపలన్నీ పాలతో తినవచ్చు అంటాడు. ఆ గ్రంథంలో బోధించే గురువు ఆత్రేయుడు ఒప్పుకోడు. ఏ చేపా వద్దు, చిలిచిమం అసలే వద్దు అంటాడు. ఈ ప్రశ్న మీద అంతటి పండితుల మధ్యే వాదం నడిచింది. నా మటుకు నేను ఆత్రేయుడి పక్షమే. మా ఇంట్లో కలపం.

గంజాం తమ్ముడు:
మాస్టారూ, మరి మన పక్కింటి ఒడియావాళ్ల దహి మాఛొ సంగతేమిటి? చేపను పెరుగులోనే వండుతారు. బెంగాలీలూ అంతే. స్కాట్లాండులో కలెన్ అనే ఊరి పేరుతో ఒక సూప్ ఉంది. పొగబెట్టిన చేప, బంగాళాదుంప, పాలు, అంతే. ఫిన్లాండువాళ్లు సాల్మన్‌ను పాలు, మీగడ పోసి కాస్తారు. వీళ్లెవరికీ రానిది మనకే వస్తుందా?

ఛత్రపురం చిన్నమ్మ:
పెరుగు వేరు తమ్ముడూ. తోడు పడ్డాక పాల గుణం మారిపోతుంది.

రాయగడ నర్సు:
నేను చర్మ రోగుల విభాగంలో పనిచేస్తాను కాబట్టి ఈ విషయంలో ఊరుకోలేను. బొల్లి తిండి వల్ల రాదు. మన ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక కణాలే పొరపాటున చర్మానికి రంగునిచ్చే కణాల మీద దాడి చేసి చంపేస్తాయి. ఆ కణాలు పోయిన చోట మచ్చ తెల్లబడుతుంది. కొన్ని కుటుంబాల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. కొందరికి దీనితో పాటు థైరాయిడ్ సమస్యలూ ఉంటాయి. పుట్టాక ఒక్కసారి కూడా చేప ముట్టనివాళ్లకూ బొల్లి వస్తుంది. ఇది అంటుకునే జబ్బు కాదు. పూత మందులున్నాయి, కాంతి చికిత్స ఉంది. తొందరగా వైద్యానికి వస్తే ఫలితం బాగుంటుంది.

నా బాధల్లా ఇది. ముఖం మీద చిన్న మచ్చ పడిన ఆడపిల్లను తీసుకొచ్చి, తల్లి మొదట అడిగే మాట "ఎప్పుడో చేప తిని పాలు తాగి ఉంటుంది, అందుకేనా?" అని. ఆ పిల్ల తల వంచుకుంటుంది. తన తప్పు వల్లే జబ్బు వచ్చిందని అనుకుంటూ, ఎవరికీ చూపించుకోకుండా నెలల తరబడి టెన్షన్ పడి ఉంటుంది. పెళ్లి మాటలప్పుడు కూడా ఇదే ప్రశ్న. వంటింట్లో ఒక నియమంగా ఉన్నంతవరకు దీనివల్ల ఎవరికీ నష్టం లేదు, మాస్టారి ఇంట్లో పాటించుకోవచ్చు. కానీ జబ్బుపడ్డ పిల్లను నిందించడానికి వాడితే మాత్రం నేను ఒప్పుకోను.

నిజంగా జాగ్రత్తపడాల్సినవి వేరే ఉన్నాయి. చేప పడని ఒళ్లు ఉంటుంది, పాలు పడని ఒళ్లు ఉంటుంది. వాళ్లకు కొంచెం తిన్నా దద్దుర్లు రావచ్చు, ఊపిరి ఆడకపోవచ్చు, పాలు అరగనివాళ్లకు కడుపు ఉబ్బరిస్తుంది. ఐసు సరిగా లేక పాడైన కానాగంతల్లాంటి చేపల్లో హిస్టమిన్ అనే రసాయనం పేరుకుంటుంది. ఎంత ఉడికించినా అది పోదు, తింటే ఒళ్లంతా ఎర్రబడి దురద పుడుతుంది. ఇలాంటిది పాలతో తిన్నాక వస్తే జనం పాల మీదకే తోస్తారు.

ఇక చెప్పాలా వద్దా అంటారా? తప్పకుండా చెప్పాలి. ఎవరి కంచంలో ఏముందో వాళ్లకు తెలియాలి. ఎనభై ఏళ్ల మనిషి తిన్నాక తెలుసుకుంటే ఆ భయానికే ఒళ్లు పాడవుతుంది. మీ చేతి వంట మీద నమ్మకం మళ్లీ కుదరదు.

పర్లాకిమిడి మాస్టారు:
జబ్బు గురించి నర్సమ్మ చెప్పినదాన్ని కాదనను. పిల్లలను నిందించడం తప్పే. నా నియమం నా కంచం వరకే.

గోపాలపూర్ కుర్రాడు:
చేప సంగతి నేను చెప్తా. రోహు, బొచ్చె వద్దక్కా. వాటి కండలో చీలిన సన్న ముళ్లుంటాయి, సాస్‌లో పడితే కనబడవు, పిల్లల గొంతులో గుచ్చుకుంటాయి. పండుగప్ప తీసుకో. ఇక్కడ బజారులో భేక్టి అని అడుగు. చిలికా నుంచీ వస్తుంది. కండ తెల్లగా, గట్టిగా ఉంటుంది, ఉడికాక పెద్ద పెద్ద రేకులుగా విడుతుంది. కోనం కూడా బాగుంటుంది కానీ ధర ఎక్కువ. చర్మం, నడిమి ముల్లు తీసి ఇవ్వమను, తల, ముల్లు మాత్రం పారేయనివ్వకుండా ఇంటికి తెచ్చుకో.

కొరాపుట్ నుంచి:
కొబ్బరిపాలు పోసేస్తే గొడవే ఉండదు కదా?

జయపురం వంటిల్లు:
కొబ్బరిపాలు గట్టిగా మరిగితే విరుగుతాయి, రుచీ కూరవైపు పోతుంది. అది మంచి వంటే గానీ ఈ వంట కాదు. చెల్లీ, పిల్లలకు పాలతోనే చెయ్యి. పాలు నీచు వాసన తగ్గిస్తాయి.

ఐదుగురికి లెక్క చెప్తాను. ముళ్లు లేని చేప 600 గ్రాములు, ఒలిచిన రొయ్యలు 200 గ్రాములు, పాలు 600 మిల్లీలీటర్లు, వెన్న 50 గ్రాములు, మైదా 50 గ్రాములు, బంగాళాదుంపలు కిలో. పాలల్లో సగం ఉల్లిపాయ, బిరియానీ ఆకు, నాలుగు మిరియాలు వేసి వేడెక్కాక చేప దించు. కుతకుత ఉడకకూడదు, సన్న సెగ మీద ఎనిమిది నిమిషాలు చాలు. చేప తీసి, చల్లారాక వేళ్లతో తడుముతూ రేకులు విడదియ్యి. మిగిలిన ముల్లు వేలికే తెలుస్తుంది, కంటికి తెలియదు. పాలు వడకట్టు.

సాస్ దగ్గర తొందర పనికిరాదు. వెన్నలో మైదాను పచ్చివాసన పోయేదాకా వేయించు, రంగు మారకూడదు. పాలు కొంచెం కొంచెంగా పోస్తూ కలుపు. గరిటె వెనకాల పూతలా నిలిచేంత చిక్కబడాలి. పల్చగా ఉంటే దుంప మునిగిపోతుంది, మొత్తం జావ అవుతుంది. నిమ్మరసం సాస్‌లో పిండకు, కంచంలో పిండుకోండి. అరచెంచా ఆవపిండి వెయ్యి, మన ప్రాంతపు నోటికి అదే సరిపోతుంది. గరం మసాలా మాత్రం వద్దు, చేప రుచిని మింగేస్తుంది.

రెండు గుడ్లు ఉడికించి ముక్కలు చేసి, బఠాణీ, పచ్చి రొయ్యలు, చేప అన్నీ సాస్‌లో కలిపి గిన్నెలో పరుచు. అది చల్లారాకే పైన దుంప పెట్టాలి. దుంపను ఉడికించి నీళ్లు వంపాక అదే గిన్నెలో నిమిషం పాటు సెగ మీద ఆరబెట్టి మెదుపు. అంచుల దాకా పూర్తిగా కప్పి ఫోర్కుతో గీతలు గియ్యి, ఆ గీతలే ఎర్రగా కరకరలాడతాయి. 200 డిగ్రీల దగ్గర 25 నుంచి 30 నిమిషాలు. తీశాక పది నిమిషాలు కదపకు.

పెద్దావిడకు చిన్న గిన్నెలో వేరుగా చెయ్యి. ఆ కుర్రాడు తెచ్చుకోమన్న తల, ముల్లు ఉల్లిపాయతో ఇరవై నిమిషాలు నీళ్లలో కాచి వడకట్టు. పాల బదులు ఆ నీళ్లతో, వెన్న బదులు నూనెతో అదే సాస్ చెయ్యి. చేపను కూడా ఆ నీళ్లలోనే ఉడికించు. రుచి పాలంత మెత్తగా ఉండదు, చేప రుచి మాత్రం ఇంకా ఎక్కువ తెలుస్తుంది.

ఛత్రపురం చిన్నమ్మ:
ఇది నాకు నచ్చింది. ఆవిడ గిన్నెలో చీజ్ కూడా వేయకు సుమా. దుంపలో నెయ్యి కలుపు, పులుసు అన్నంలో నెయ్యి వేసుకునే ఇళ్లున్నాయి. అయినా ముందు ఆవిడనే ఓ మాట అడుగు.

బరంపురం కోడలు:
అందరికీ ధన్యవాదాలు. ఈ పూటే నర్సమ్మ రాసింది మామ్మగారికి చదివి వినిపించాను. ఆవిడ నమ్మకం మారలేదు, "మీరు తినండి, నాకు పాలు లేనిదే పెట్టు" అన్నారు. నెయ్యికి ఒప్పుకున్నారు. మా ఆడపడుచుకూ చెప్పేశాను, ఏ గిన్నెలో ఏముందో ముందే చెప్పి వడ్డిస్తానని. పండుగప్ప ఆ రోజు ఉదయం దొరుకుతుందా తమ్ముడూ?

గోపాలపూర్ కుర్రాడు:
ఛాడఖాయి పొద్దున వెళితే కష్టం అక్కా. నెలంతా మానేసిన జనం ఒక్కసారిగా బజారు మీద పడతారు, ధర పైకి పోతుంది. పైగా నవంబరు ఒకటి నుంచి గుడ్లు పెట్టడానికొచ్చే తాబేళ్ల కోసం ఋషికుల్య నది ముఖద్వారం దగ్గర చేపల వేట ఆపేస్తారు. రెండు రోజుల ముందే చెప్పి పెట్టించుకో, మొప్పలు ఎర్రగా ఉన్నాయో లేదో చూసి, ఐసు వేయించి తీసుకెళ్లు.