ఫ్రీగా కచేరీ ఫోటోలు తియ్యొచ్చా, తియ్యకూడదా?

గంటస్తంభం కుర్రాడు:
అందరికీ నమస్కారం. మాది విజయనగరం. అన్నయ్య వాడి వదిలేసిన డీఎస్ఎల్ఆర్ కెమెరా, దాంతోపాటు వచ్చిన 18-55 లెన్సు, ఇంతే నా సామాను. వచ్చే వారం ఆనందగజపతి ఆడిటోరియంలో ఓ గాత్ర కచేరీ ఉంది. నిర్వాహకుల్ని అడిగితే "వచ్చి తీసుకో బాబూ, ఫోటోలన్నీ మాకిచ్చెయ్, డబ్బులు మాత్రం ఉండవు" అన్నారు. వెళ్ళొచ్చా? ఈ లెన్సు సరిపోతుందా?

స్టూడియో బాబాయి:
ఎల్లొద్దు. చీపురుపల్లిలో 22 ఏళ్ళుగా స్టూడియో నడుపుతున్నాను. షామియానా వాడికి ఇస్తారు, మైకు సెట్టు వాడికి ఇస్తారు, ఉప్మా చేసినాయనకీ ఇస్తారు. ఫోటోల దగ్గరికొచ్చేసరికి "ఎవడో గుంటడు తీసేస్తాడులే" అంటారు. మొన్న దసరాకి ఖాయమనుకున్న ఆర్డరు అలాగే పోయింది నాకు.

వాయులీనం:
అబ్బాయి అడిగింది లెన్సు గురించి, మీ ఆర్డరు గురించి కాదు. బాబూ, ఫ్లాష్ మాత్రం వెయ్యకు. ఆలాపన నడుస్తున్నప్పుడు షట్టరు కూడా నొక్కకు. పోయిన ఏడాది ఒక కచేరీలో వయొలిన్ మీద తోడి రాగం వాయిస్తున్నాను. ముందు వరసలోంచి టకటకటక. గాంధార స్వరం మీద నిలబడలేకపోయాను. తని ఆవర్తనం, అంటే మృదంగం ఒంటరిగా వాయించే ఘట్టం, దాకా ఆగితే మృదంగం హోరులో నీ చప్పుడు ఎవరికీ వినబడదు. అప్పుడు ఎన్ని కావాలంటే అన్ని తీసుకో.

స్టూడియో బాబాయి:
తని వచ్చేసరికి సగం జనం టీకి లేచిపోతారు మేడమ్. ఖాళీ కుర్చీలు తియ్యాలేటి? అంత ఇబ్బందైతే మిర్రర్‌లెస్ కెమెరా కొనమనండి, చప్పుడే ఉండదు.

ఆమదాలవలస ప్యాసింజర్:
చప్పుడు లేకుండా తీసేది ఎలక్ట్రానిక్ షట్టరు బాబాయ్. పైన ఎల్‌ఈడీ లైట్లుంటే చారలు పడే ప్రమాదం ఉంది. శ్రీకాకుళం బాపూజీ కళామందిర్‌లో నాకదే అయింది, గాయని మొహం నిండా పులిచారలు. తమ్ముడూ, నీ డీఎస్ఎల్ఆరే నయం. మన కరెంటు 50 హెర్ట్జ్, మామూలు లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుతాయి. అందుకని ముందు షట్టరు స్పీడు సెకనులో 1/100 వంతు పెట్టి చూడు. చెయ్యి ఊపే గాయకులైతే ఆ స్పీడులో వేళ్ళు అలుక్కుపోతాయి, చెయ్యి ఆగిన క్షణం పట్టుకోవాలి.

18-55ని 55కి లాగితే లెన్సు కన్ను ఎఫ్ 5.6 కంటే తెరుచుకోదు. ఎవరినైనా ఎఫ్ 1.8 దాకా తెరుచుకునే 50 ఎం.ఎం. లెన్సు అడిగి తెచ్చుకో, సుమారు పది రెట్లు వెలుగు వస్తుంది. కెమెరాకి వెలుగు పట్టే శక్తి, అదే ఐఎస్ఓ, 3200 దాకా పెంచడానికి భయపడకు. కెమెరా తనంతట తాను సర్దెయ్యని రా ఫార్మాట్‌లో తియ్యి, ఎర్ర లైటు పడితే మొహం ఎర్రముద్ద అయిపోతుంది, అప్పుడు కొంతైనా సర్దుకోవచ్చు. ఎదురుగా కూర్చోకు. ఎదురునుంచి మైకు మూతికి అడ్డం, వెనక ఫ్లెక్సీ మీద దాతల మొహాలు. పక్కకి జరిగితే వెనక చీకటి తెర దొరుకుతుంది.

నాగావళి ఒడ్డు:
సిరిమానోత్సవానికి 70-300 లెన్సు సరిపోద్దా?

వాయులీనం:
దానికి వేరే చర్చ మొదలెట్టండి, దయచేసి.

స్టూడియో బాబాయి:
బాగుంది. ఊరికే ఎల్లేవాడికి లెన్సు కూడా వెతికిపెడుతున్నారు. మేడమ్‌కి టకటక తప్ప ఇంకేటీ వినబడదు.

వాయులీనం:
వినబడుతుంది. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడు గారు పాఠం చెప్పిన కాలేజీలో నేర్చుకున్నదాన్ని. నా మొదటి కచేరీకి నాకు ముట్టింది శాలువా, జ్ఞాపిక, బస్సు ఛార్జీ. ఆ ఫోటోలు తీసినాయన ఒక్కో ఫ్రేముకి 1,200 అడిగాడు. నా ఫోటో నేనే కొనుక్కున్నాను. పైన మీరు డబ్బులు ముట్టేవాళ్ళ జాబితా రాశారే, షామియానా, మైకు, ఉప్మా. అందులో వాయించేవాళ్ళు లేరు. చూసుకున్నారా?

స్టూడియో బాబాయి:
రాయలేదు, నిజమే. మీకు ఇస్తారనే అనుకున్నాను. అయితే మరీ తప్పు మీదే. మీరు శాలువాకి వాయించబట్టే కదా మమ్మల్నీ ఊరికే తియ్యమంటున్నారు!

వాయులీనం:
మాట జాగ్రత్త. నేను వాయించకపోతే మీరు తియ్యడానికి అక్కడ ఏముంటుంది, ఫ్లెక్సీయా? అడిగితే మర్నాటి నుంచి పిలవరు. ఆ భయం మీకు ఇప్పుడొచ్చింది, మాకు ఎప్పటినుంచో ఉంది.

ఆమదాలవలస ప్యాసింజర్:
ఇద్దరూ కాస్త ఆగండి. తమ్ముడూ, 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షను చూడు. ఎవరైనా డబ్బిచ్చి తీయించుకున్న ఫోటో, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్ళది. ఊరికే తీస్తే హక్కు నీదే. "అన్నీ మాకిచ్చెయ్" అనే మాట ఉందే, అక్కడే తేలిగ్గా తలూపెయ్యకు. ఫ్లెక్సీ మీద వేసుకుంటే కింద నీ పేరు వెయ్యాలని వాట్సాప్‌లో రాయించుకో.

స్టూడియో బాబాయి:
పేరు పెట్టి కరెంటు బిల్లు కడతాడా?

గంటస్తంభం కుర్రాడు:
నిర్వాహకులకి ఇప్పుడే ఫోన్ చేశాను. పేరు వేస్తామన్నారు. వయొలిన్‌కి ఎంతిస్తున్నారండీ అని కూడా అడిగాను, "నీకెందుకు" అని పెట్టేశారు. 50 లెన్సు స్నేహితుడు ఇస్తానన్నాడు. వెళ్తున్నాను, ఆలాపనలో మాత్రం షట్టరు నొక్కను మేడమ్. బాబాయి గారూ, వీలైతే మీరూ రండి, ఎక్కడ కూర్చోవాలో చూపిద్దురు గాని.

స్టూడియో బాబాయి:
ఏ రోజు? టిక్కెట్టు పెట్టారా, ఫ్రీయేనా?