"శరణం" బౌద్ధుల మాటా? గచ్ఛామి అని ఎందుకన్నారు?

అందరికీ నమస్తే. మాది తిరుపతి. తెల్లారకముందే యాడో ఒక మైకులో "శ్రీవేంకటేశ చరణౌ శరణం ప్రపద్యే" వినపడతా ఉంటాది, కార్తీకం వస్తే వీధివీధికీ స్వామియే శరణమయ్యప్ప, ఇట్లా ఉంటే మా ఆఫీసులో ఒకాయన శరణం అనేదే బౌద్ధుల మాట, బుద్ధం శరణం గచ్ఛామి నుంచే మిగతా అందరూ తీసుకున్నారు అని ఒకటే వాదన. నిజమేనా? ఇంకోటి, శరణు కోరుతున్నా అనకుండా "పోతున్నా" అని గచ్ఛామి ఎందుకు? తెలిసినోళ్ళు చెప్పండి.

— మంచి ప్రశ్న అన్నా, కొంచెం పొడుగవుతాది, ఓపిక చేసుకోండి. మాట బౌద్ధులది కాదు, అంతకంటే శానా పాతది. ఋగ్వేదం ఆరో మండలంలో ఋషి ఇంద్రుణ్ని "త్రిధాతు శరణం త్రివరూథం" అడుగుతాడు, అక్కడ శరణం అంటే గట్టి ఇల్లు, ఎండావానా తగలకుండా కాపాడే చోటు. అమరకోశంలో కూడా "శరణం గృహరక్షిత్రోః" అనే ఉంది, ఇల్లు అనీ కాపాడేవాడు అనీ రెండర్థాలు. (అమరసింహుడు బౌద్ధుడంటారు లెండి, ఆయన దేవతల పేర్లు చెప్పేటప్పుడు బ్రహ్మ కంటే ముందు బుద్ధుడి పేర్లే చెప్పినాడు.) ఇల్లు అనుకుంటే మీ గచ్ఛామి సంగతి తేలిపోతాది, ఇంట్లోకి పోతాం గదా. తెలుగులో శరణు జొచ్చడం అంటాం చూడండి, చొచ్చడం అన్నా లోపలికి పోవడమే. గీత పద్ధెనిమిదో అధ్యాయంలో ఒకచోట "తమేవ శరణం గచ్ఛ", నాలుగు శ్లోకాలు దాటినాక "మామేకం శరణం వ్రజ", రెండూ పొమ్మనడమే. మన ప్రపత్తిలో వినపడే ప్రపద్యేలో ఉన్న పద్ ధాతువు కూడా నడకే, శ్వేతాశ్వతర ఉపనిషత్తులోనూ "శరణమహం ప్రపద్యే" అనే ఉంది. కాబట్టి మీ ఆఫీసాయన మాట విషయంలో ఓడిపోయినట్టే.

కానీ ఆయన్ని పూర్తిగా కొట్టిపారేయలేం. అందరి నోట్లో ఉండే మాటని పట్టుకొచ్చి మతంలోకి వచ్చే గడప లాగా వాడింది మాత్రం బౌద్ధులే, నాకు ఆసక్తిగా అనిపించేది అదే. వినయపిటకం (భిక్షువుల నియమాల గ్రంథం) మహావగ్గలో దీని కథంతా ఉంది. బుద్ధుడికి బోధి కలిగినాక మొట్టమొదట శరణమన్నది సన్యాసులు కాదు, దారిన పోతున్న ఇద్దరు వర్తకులు, తపుస్స, భల్లిక అని. వాళ్ళు బుద్ధుడూ ధర్మమూ అని రెండే శరణాలు చెప్పినారు, ఎందుకంటే అప్పటికి సంఘం, అంటే భిక్షువుల గుంపు, అనేదే పుట్టలేదు! బుద్ధం, ధర్మం, సంఘం మూడూ కలిపి చెప్పిన మొదటి మనిషి కాశీలో యశుడు అనే కుర్రాడి తండ్రి, కొడుకు ఇల్లొదిలి పోయినాడని వెతుక్కుంటా వచ్చిన షావుకారు.

ఆ తర్వాత బుద్ధుడు శిష్యుల్ని "చరథ భిక్ఖవే చారికం" అని ఊర్ల మీదికి పంపించినాడు, ఒకే దారిలో ఇద్దరు పోవద్దన్నాడు. వాళ్ళు పోయిన చోటల్లా జనం మేమూ భిక్షువులమవుతాం అన్నారు, వాళ్ళందర్నీ దీక్షకోసం బుద్ధుడి దగ్గరికి నడిపించుకోని రావాలంటే తెచ్చేవాళ్ళకీ వచ్చేవాళ్ళకీ ప్రాణం మీదికొచ్చేది. అప్పుడు ఆయన, ఇక మీరే యాడికక్కడ ఇచ్చేయండి, గుండు చేయించి కాషాయం కట్టించి ఈ మూడు వాక్యాలు మూడేసి సార్లు చెప్పించండి చాలు అన్నాడు. అంటే ఈ వాక్యం దీక్షగా మారింది పూజ కోసం కాదు, దూరం కోసం. తర్వాత భిక్షువు దీక్షకి వేరే పద్ధతి వచ్చింది గానీ శ్రామణేరులకీ (ఇంకా పూర్తి భిక్షువులు కాని కొత్తవాళ్ళకి) ఇంట్లో ఉండే ఉపాసకులకీ ఇప్పటికీ శరణాలే.

— మదనపల్లె నుంచి. సార్ బాగా చెప్పినారు, అయితే మా వాళ్ళ కలిమా, చర్చిలో బాప్తిస్మం కూడా ఇంతే కదా? వాటికీ దీనికీ తేడా ఏముంది?

— పని ఒకటే సార్, లోపల సరుకు వేరే. మత్తయి సువార్త చివర్లో కూడా ముందు "వెళ్లి" అనే ఉంది, సమస్త జనులను శిష్యులను చేసి తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ "నామములోనికి" బాప్తిస్మం ఇమ్మని, మన తెలుగు బైబిల్లో ఆ లోనికి అనే విభక్తి చూడండి, అక్కడా చొచ్చడమే. కలిమాలో దేవుడొక్కడే అనీ ముహమ్మద్ ఆయన ప్రవక్త అనీ రెండు ముక్కలు, అది సాక్ష్యం, ఇది నిజమని ఒప్పుకోవడం. బౌద్ధుల వాక్యంలో ఫలానాది నిజమని ఒప్పుకోవడం లేదు, దేవుడి పేరూ లేదు, మూడోదిగా ఉన్నది సంఘం, అంటే మనుషుల గుంపు. ఒక మతంలోకి అడుగు పెట్టే వాక్యంలోనే దాన్ని మోసే మనుషులు కూడా ఉండడం నాకు వేరే యాడా కనపడలేదు. యూదులకి దీనికి పూర్తిగా రివర్సు, రమ్మని పిలవరు, వస్తామన్నోళ్ళని కూడా ముగ్గురు పెద్దలు కూర్చోని పరీక్షించి తీసుకుంటారు.

భాష దగ్గర ఇంకా తేడా. కలిమా ఏ దేశంలోనైనా అరబ్బీలోనే చెప్తారు, బాప్తిస్మం ఇప్పుడు ఎవరి భాషలో వాళ్ళకి. బౌద్ధులు రెండు రకాలూ చేసినారు, శ్రీలంక, బర్మా, థాయిలాండ్‌లో పాళీ ముక్క మార్చకుండా చెప్తారు, చైనా టిబెట్ వాళ్ళు తమ భాషలోకి తిప్పుకున్నారు. బుద్ధవచనాన్ని ఛందస్సులోకి (వేదభాషలోకి) మార్చుతాం అని ఇద్దరు బ్రాహ్మణ భిక్షువులు అడిగితే బుద్ధుడు వద్దని కోప్పడి, "సకాయ నిరుత్తియా" నేర్చుకోండి అన్నాడట. దానికి ఎవరి భాషలో వాళ్ళు అని కొందరు, బుద్ధుడి భాషలోనే అని పాళీ వ్యాఖ్యాత బుద్ధఘోషుడు, ఆ తగువు ఇంకా తెగలేదు.

— నాదొక సందేహం అక్కలారా అన్నలారా. ధమ్మపదంలో "బహుం వే సరణం యంతి పబ్బతాని వనాని చ" అని ఉందట, భయపడిన జనం కొండల్నీ అడవుల్నీ చెట్లనీ శరణు జొచ్చుతారు, అది మంచి శరణం కాదు అని. ఏడుకొండల ఊర్లో ఉండేవాళ్ళని అంటున్నట్టు లేదూ? పైగా కొండ మీద ముందు ఎవరుండారు అని...

— ఆ రెండోది ఇక్కడొద్దు తల్లీ, అది ఎత్తుకుంటే రాత్రికి తెమలదు, అడ్మిన్ థ్రెడ్డే మూసేస్తాడు. శ్లోకం మాత్రం మీరు చెప్పింది కరెక్టే, 188వ గాథ. ఆ కాలంలో యక్షుల చెట్లూ కొండదేవతలూ జనం మొక్కే చోట్లు, వాటి గురించి అన్న మాట అది. నేనైతే దాన్ని తిట్టు కింద చదవను, ఎందుకంటే ఆ గాథ చివరి ముక్కే "భయతజ్జితా", భయం తరిమితే పోతారు అని, మనిషి మనసు తెలిసినోడు చెప్పిన మాట అది. ఇంకో తమాషా, అదే బుద్ధుడు చివరి రోజుల్లో శిష్యుడు ఆనందుడితో "అత్తసరణా" అన్నాడు, మీకు మీరే శరణం అని.

— సరే, ఇది దేశాలు దాటింది ఎట్లా? అశోకుడే గదా?

— అశోకుడు పెద్ద కారణమే, క్రీస్తుకి ముందు మూడో శతాబ్దం. రాజస్థాన్ బైరాట్ శాసనంలో "బుధసి ధంమసి సంఘసి" మీద తనకి గౌరవం ఉందని రాయించుకున్నాడు, ఆ రాతి మీద ఈ మూడూ కలిసి కనపడతాయి. మన కర్నూలు వైపు ఎర్రగుడిలో కూడా ఆయన శాసనాలున్నాయి. కానీ రాజు ఒక్కడి వల్లే అనుకోవద్దు, తపుస్స భల్లికల లాంటి బేరగాళ్ళు ఎప్పుడూ వెంట ఉన్నారు. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల నాటి శాసనం ఒకటి కాశ్మీరం, గాంధారం, చైనా, వంగ, వనవాసి, సింహళం దాకా పేర్లు చదువుతుంది, అక్కడి భిక్షువులు ఏయే దేశాల వాళ్ళని బౌద్ధంలోకి తెచ్చినారో చెప్తా. కృష్ణా ఒడ్డున కూర్చోని అన్ని దేశాలు లెక్కపెట్టుకున్నారంటే చూడండి! మళ్ళీ మన కాలంలో 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో అంబేద్కర్ గారు చంద్రమణి అనే ముసలి భిక్షువు దగ్గర ఈ మూడు శరణాలే తీసుకోని, ఆ వెంటనే లక్షల మందికి తానే చెప్పించినారు, 22 ప్రతిజ్ఞలు కలిపి. భిక్షువు కాని మనిషి దీక్ష ఇవ్వడం ఏంది అని అప్పుడు అడిగినోళ్ళున్నారు, నాకైతే యాడికక్కడ ఇచ్చేయండి అన్న మహావగ్గ మాటకి అది దగ్గరగానే కనపడతాది.

— థాంక్స్ అన్నా, ఆఫీసులో ఇది ప్రింటు తీసి పెడతా.

— పెట్టండి గానీ "గచ్చామి" అని కొట్టొద్దు, చకి ఛ వత్తు ఉండాల. పాళీలోనే రాయాలనుకుంటే శ కూడా తీసేయండి, పాళీలో శ లేదు, "బుద్ధం సరణం గచ్ఛామి" అని ఉంటాది.