సైడ్ బై సైడ్‌కి వాడిన ఒరిజినల్ పార్టులా, బయటి కంపెనీల కొత్తవా?

మట్టిదారి
బండి పోలారిస్ ఆర్‌జెడ్‌ఆర్ 1000, 2015 మోడల్, పక్కపక్కన కూర్చుని మట్టిదారుల్లో, రాళ్లలో నడిపే సైడ్ బై సైడ్ బండి. ముందు ఎడమ చక్రం బండరాయికి గట్టిగా తగిలింది. కింది ఏ-ఆర్మ్ (చక్రాన్ని ఫ్రేముకి కలిపే చేయి) వంగింది, ఆ వైపు యాక్సిల్‌లో సీవీ జాయింట్ (చక్రం ఏ కోణంలో ఉన్నా ఇరుసు తిరిగేలా చేసే కీలు) పోయింది. ఎలాగూ విప్పాం కదా అని చూస్తే సెకండరీ క్లచ్ (ఇంజిన్ నుంచి బెల్టు ద్వారా శక్తి అందుకునే కప్పీ) కూడా అరిగి లూజయింది. మూడూ కంపెనీ కొత్తవే వేయాలంటే నా వల్ల కాదు. ఇదే మోడల్, బోల్తా పడిన బండిని విప్పి అమ్ముతున్న ఒకాయన మూడూ ఇస్తానంటున్నాడు. దాదాపు అదే ధరకి బయటి కంపెనీల కొత్తవీ దొరుకుతున్నాయి. మీరైతే ఏం చేస్తారు?

నట్టుబోల్టు
కళ్లు మూసుకుని వాడిన ఒరిజినలే. ఇవి విప్పి బిగించడమే నా పని. చక్రం గాల్లో వేలాడినప్పుడు సీవీ జాయింట్ ఎంత కోణంలో తిరగాలో తెలుసు కదా, చవక యాక్సిళ్లు ఆ కోణంలోనే చేతులెత్తేస్తాయి. లోపలి బాల్స్‌ని పట్టుకునే కేజ్ పగులుతుంది. పైకి పెయింటు మాత్రం నిగనిగలాడుతుంది!

పాత యాక్సిల్ కొనేటప్పుడు రబ్బరు బూటు చూడండి. చిరగకుండా, క్లాంపులు కదలకుండా ఉంటే లోపల గ్రీజు ఇంకా గ్రీజులాగే ఉంటుంది. చిరిగిందంటే ఇసుక దూరినట్టే, వదిలేయండి. ఇరుసు కొనల మీది పళ్లు తిన్నగా ఉన్నాయో, మెలి తిరిగాయో కూడా చూడాలి. మెలి తిరిగితే ఆ ఇరుసు ఎక్కడో గట్టిగా ఇరుక్కున్నదే.

ఇసుకతిన్నె
యాక్సిల్ వరకు ఒప్పుకుంటాను. విరిగితే బండి ఆగుతుంది, ఎవరో ఒకరు లాక్కొస్తారు. ఏ-ఆర్మ్ అలా కాదు. వేగంలో అది విరిగితే చక్రం పక్కకి పోతుంది, స్టీరింగ్ మన చేతిలో ఉండదు. పైగా బోల్తా పడిన బండిది. వంపు కంటికి కనిపిస్తుంది, వెల్డు పక్కన వెంట్రుకంత పగులు కనిపించదు. టై రాడ్ (స్టీరింగ్‌ని చక్రానికి కలిపేది), బాల్ జాయింట్ (ఏ-ఆర్మ్ చివరి గుండు కీలు), ఏ-ఆర్మ్, ఈ మూడూ పాతవి కొనకూడదన్నది నా మాట.

నట్టుబోల్టు
బోల్తా పడితే నాలుగు మూలలూ పాడవుతాయా అండీ? విప్పకముందు ఫోటోలు అడగండి, ఏ వైపు పడిందో తెలుస్తుంది. ఫ్రేముకి బిగించే రెండు రంధ్రాల గుండా ఒకే రాడ్ దూర్చి చూడండి. సాఫీగా దూరితే అవి ఒక వరసలో ఉన్నట్టు, అడ్డుపడితే వంగినట్టు. పగులు సంగతికి డై పెనెట్రెంట్ ఉంది: వెల్డు దగ్గర పెయింటు గీకి, ఎర్ర ద్రవం కొట్టి, కాసేపాగి తుడిచి, పైన తెల్ల పొడి స్ప్రే చేస్తే పగులున్నచోట ఎర్రగీత పైకి తేలుతుంది.

ఇసుకతిన్నె
కొనకముందు అమ్మేవాడి గుమ్మంలో నిలబడి పెయింటు గీకనిస్తాడా? ఇంటికొచ్చాక పగులు తేలితే డబ్బు వెనక్కిస్తాడా?

నట్టుబోల్టు
అది ముందే మాట్లాడుకోవాలి. ఇవ్వనంటే వద్దు. అంతేగానీ మొత్తం పాత సామానే వద్దంటే ఎలా?

పాతసామాను
ఇద్దరూ ఇనుము గురించే మాట్లాడుతున్నారు, కాగితాల సంగతేంటి? విప్పి అమ్ముతున్న బండి ఎవరిది? ఫ్రేము మీద 17 అక్షరాల విన్ నంబరు (బండి గుర్తింపు సంఖ్య) ఉంటుంది, దాని ఫోటో పంపమనండి. సాకులు చెబితే అది దొంగ బండి కావచ్చు, బేరం అక్కడే ఆపేయండి.

ఇంకో ఉపయోగం కూడా ఉంది. 2013 నుంచి 2016 మోడళ్ల ఆర్‌జెడ్‌ఆర్ 900, 1000 బళ్లను మంటల ప్రమాదం వల్ల పోలారిస్ 2016 ఏప్రిల్‌లో అమెరికాలో రీకాల్ చేసింది (మరమ్మతుకి వెనక్కి పిలిచింది), సుమారు 1,33,000 బళ్లు. మీదీ ఆ లెక్కలోకే రావచ్చు, వాడిదీ రావచ్చు. ఆ మరమ్మతు జరిగిందో లేదో విన్ నంబరుతో తెలుస్తుంది. ఈ మూడు పార్టులకీ దానితో పని లేదు, కానీ ‘ఎలాగూ వచ్చారు కదా’ అని ఇంధనం వైపుదో, సైలెన్సర్ వైపుదో అంటగడితే మాత్రం చూసుకోండి.

బురదబండి
క్లచ్ గురించి ఎవరూ మాట్లాడరేంటి? పాత క్లచ్ కొనొచ్చు గానీ షీవ్ (బెల్టు నడిచే పళ్లెం) ముఖం మీద గోరు పెట్టి లోపలి నుంచి బయటికి లాగండి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే బెల్టు అక్కడ మెట్టు కోసినట్టు. రోలర్లు గుండ్రంగా ఉన్నాయో, ఒకవైపు చదునయ్యాయో చూడండి. టర్బో బండిది అంటగట్టనివ్వకండి, స్ప్రింగు, హెలిక్స్ (క్లచ్ లోపలి వాలు ముక్క) వేరు. బెల్టు మాత్రం ఎంత బాగున్నా పాతది వద్దు, ఉచితంగా ఇచ్చినా సరే. (యమహా వైఎక్స్‌జెడ్ 1000ఆర్ వాళ్లు ఇది చదివి నవ్వుకుంటుంటారు, వాళ్లకి అసలు బెల్టే లేదు, గేర్లే.)

ఇసుకతిన్నె
బెల్టు మాటెత్తారు కాబట్టి సీటు బెల్టు కూడా చెప్పేస్తాను. పాత హార్నెస్ (భుజాల మీదుగా కట్టే సీటు బెల్టు) కొనకండి. ఎండకి నేత బలం తగ్గుతుంది, బయటికి తెలియదు. రేసుల్లో వాడే ఎస్‌ఎఫ్‌ఐ (రేసు సామాను భద్రతా ప్రమాణాల సంస్థ) ముద్ర ఉన్న హార్నెస్‌లకి తయారైన తేదీ నుంచి 2 ఏళ్లే గడువు. బోల్తా పడిన బండి నెత్తి మీది ఇనుప పంజరం కూడా అంతే, తిన్నగా ఉన్నట్టు కనిపించినా ముట్టుకోవద్దు.

నట్టుబోల్టు
ఈ రెండింట్లో నాదీ అదే మాట. ఏ-ఆర్మ్ దగ్గర మాత్రం తగ్గను. కొత్తది కొనాలనుకుంటే కంపెనీదే కొనండి, ‘వంగనే వంగదు’ అని అమ్మే బయటి లావుపాటి ఆర్మ్ వద్దు. ఏ-ఆర్మ్ వంగడం ఇంట్లో ఫ్యూజు కాలడం లాంటిది. అది వంగకపోతే దెబ్బ నేరుగా ఫ్రేముకి పోతుంది. ఆర్మ్ అయితే నాలుగైదు బోల్టుల పని, ఫ్రేమంటే బండంతా విప్పాలి.

ఇసుకతిన్నె
అదేం మాట? రాళ్లలో నడిపేవాళ్లంతా లావు ఆర్ములే వేసుకుంటారు. రాయికి తగిలిన ప్రతిసారీ ఆర్మ్ మార్చుకుంటూ కూర్చోమంటారా?

నట్టుబోల్టు
వాళ్లు ఫ్రేముకి కూడా ప్లేట్లు వెల్డు చేయించుకుని బలం చేయిస్తారు. ఆ పని చేయకుండా ఆర్మ్ ఒక్కటే మార్చినవాళ్ల బళ్లే నా దగ్గరికి వస్తాయి.

మట్టిదారి
అందరికీ థాంక్స్. యాక్సిల్, క్లచ్ ఆయన దగ్గరే చూస్తాను, విన్ ఫోటో అడిగాను. ఏ-ఆర్మ్ కంపెనీ కొత్తదే వేస్తాను, ఇందులో ఇసుకతిన్నె గారి మాటే వింటున్నా.

నట్టుబోల్టు
వినండి, అభ్యంతరం లేదు. ఆర్డరు పెట్టే ముందు ఒక్కటి చూడండి: పాత ఆర్మ్ విప్పాక ఆర్మ్ బిగించే ఫ్రేము చెవులు రెండూ ఒకే వరసలో ఉన్నాయా? లేకపోతే కొత్త ఆర్మ్ బోల్టు దూరదు, సుత్తితో కొట్టి దూర్చినా చక్రం తిన్నగా నిలవదు.

మట్టిదారి
ఇప్పుడే రాడ్ పెట్టి చూశాను. వెనక చెవి దగ్గర అడ్డుపడుతోంది. వేడి చేసి వంచితే సరిపోతుందా, కోసి కొత్తది వెల్డు చేయించాలా?