‘సహోదర ప్రేమ’ను ‘అన్నదమ్ముల ప్రేమ’ అంటే సరిపోదా?

ప్రశ్న: బైబిల్లో హెబ్రీయులకు రాసిన పత్రిక 13:1లో ‘సహోదర ప్రేమ నిలువరముగా ఉండనీయుడి’ అని ఉంది కదండీ. ఇంట్లో మనం ఎవరినీ ‘సహోదరా’ అని పిలవం. ‘అన్నదమ్ముల ప్రేమ’ అంటే మనసుకు ఇంకా దగ్గరగా ఉండదా?

జవాబు: దగ్గరగానే ఉంటుందండీ. అయినా ‘సహోదర’ను వదులుకోవడానికి నాకు మనసొప్పదు. గ్రీకు మూలంలో ఉన్న మాట ‘ఫిలడెల్ఫియా’. అందులోని ‘అదెల్ఫోస్’కి అర్థం ఒకే కడుపున పుట్టినవాడు, ‘దెల్ఫూస్’ అంటే గర్భం. మన మాటా అంతే, సహ, ఉదరం. ఎక్కడి గ్రీకు, ఎక్కడి సంస్కృతం! మాట కట్టిన తీరు మాత్రం ఒకటే.

ఆ కాలంలో గ్రీకులు దీన్ని ఎక్కువగా రక్తసంబంధానికే వాడేవాళ్లు. పెర్గము రాజు రెండో అట్టాలస్‌కి ‘ఫిలడెల్ఫోస్’ అనే బిరుదు వచ్చింది అన్న యూమెనీస్ మీద ప్రేమ వల్లే. ప్రకటన గ్రంథంలోని ఫిలదెల్ఫియ ఊరి పేరు ఆ బిరుదు నుంచి వచ్చిందే. గ్రీకు రచయిత ప్లూటార్క్ ఇదే మాట మీద రాసిన వ్యాసం కూడా సొంత అన్నదమ్ముల గురించే. అపొస్తలుడైన పౌలేమో సుమారు క్రీ.శ. 50లో థెస్సలొనీకయులకు మొదటి పత్రిక రాస్తూ (4:9), ఒక కడుపున పుట్టనివాళ్ల మధ్య ప్రేమకు ఆ మాట వాడాడు.

ఇక అసలు సంగతి. తెలుగులో అన్న అనాలి, లేదా తమ్ముడు అనాలి. నోరు తెరవగానే పెద్దాచిన్నా వచ్చేస్తుంది. గ్రీకు మాటలో ఆ తేడా లేదు. ఫిలేమోను దగ్గర దాసుడైన ఒనేసిమును ఇకమీదట ‘ప్రియ సహోదరుడు’గా చేర్చుకోమన్నాడు పౌలు. అక్కడ ‘ప్రియ తమ్ముడు’ అని పెట్టి చదవండి. యజమాని మళ్లీ ఒక మెట్టు పైనే ఉండిపోతాడు.

ప్రశ్న: మరి ‘తోబుట్టువు’? అచ్చ తెలుగు, పెద్దాచిన్నా తేడా కూడా లేదు.

జవాబు: మంచి మాట గుర్తుచేశారు. తోడ పుట్టినవాళ్లు, అర్థం చక్కగా సరిపోతుంది. కానీ మా వైపు తోబుట్టువు అంటే ముందు అక్కో చెల్లెలో గుర్తొస్తుంది. ఒనేసిముకు అది కుదరదు. క్రైస్తవ సంఘాల్లో ‘బ్రదర్’ అంతగా స్థిరపడడానికి కూడా ఇదే కారణమేమో అనిపిస్తుంది నాకు. వయసు అడగకుండా పిలవొచ్చు. కాకపోతే కాస్త పెద్దవారు ఎదురైతే మన నోరు ఊరుకోదు, ‘బ్రదర్ గారూ’ అనేస్తాం.