ఉచిత వ్యాపార శిక్షణ: చేరేవారి దగ్గర ముందుగా సొమ్ము కట్టించుకోవాలా?

కుదురు:
చిన్న వ్యాపారం పెట్టాలనుకునేవారికి మా గ్రంథాలయంలో ఉచితంగా శిక్షణ తరగతులు నడుపుతున్నాం. మొదటి రోజు గది కిటకిటలాడుతుంది. పద్దుల పాఠం దగ్గరికి వచ్చేసరికి సగం కుర్చీలు ఖాళీ. చోటు దొరకక వెనుదిరిగినవారిని తలచుకుంటే బాధేస్తుంది. అందుకే చేరేటప్పుడు కొంత సొమ్ము కట్టించుకుని, అన్ని తరగతులకూ వచ్చినవారికి తిరిగి ఇచ్చేద్దామని కొందరు సభ్యులు అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. మీరేమంటారు?

చిట్టా:
కట్టించుకోవాలి. తిరిగి ఇచ్చేసే సొమ్మే కదా, ఎవరికీ నష్టం లేదు. ఊరికే దొరికిన చోటును వదులుకోవడానికి ఎవరూ వెనకాడరు. రేపు సరుకు మీద పెట్టుబడి పెట్టాల్సినవారు ఈరోజు నాలుగు తరగతులకు వస్తామని ఆమాత్రం పూచీ ఇవ్వలేరా?

పైగా ఉచిత శిక్షణ మీద మనం లేనిపోని ఆశలు పెట్టుకుంటున్నాం. అమెరికాలో 2003లో మొదలైన ‘ప్రాజెక్ట్ గేట్’లో 4 వేల మందికి పైగా దరఖాస్తుదారులను లాటరీ పద్ధతిలో రెండు భాగాలు చేసి, ఒక భాగానికి ఉచిత శిక్షణ, సలహాలు ఇచ్చారు. అప్పటికి ఉద్యోగం లేనివారిలో మొదట్లో కొంత తేడా కనిపించింది. అయిదేళ్లు గడిచేసరికి అదీ నిలవలేదు. కాబట్టి గట్టిగా పూనుకున్నవారికే ఆ కుర్చీలు దక్కాలి.

సూదీదారం:
చిట్టా గారూ, తిరిగి వచ్చే సొమ్మైనా ముందు చేతిలో ఉండాలి కదా. నేను ఇలాంటి తరగతులకు వెళ్లాకే కుట్టుపనిని వ్యాపారంగా మొదలుపెట్టాను. ఆ రోజు గుమ్మం దగ్గర సొమ్ము అడిగి ఉంటే అటునుంచి అటే ఇంటికి వెళ్లిపోయేదాన్ని. పూనిక లేక కాదు, చేతిలో ఉన్నది ఇంటి అద్దెకు తీసిపెట్టినది కాబట్టి. మీ జల్లెడలో మిగిలేది పూనిక ఉన్నవారు కాదు, డబ్బున్నవారు.

ఇక మీరు చెప్పిన ఫలితాల సంగతి. తప్పు ఉచితానిదా, పాఠానిదా? టోగోలో 1,500 మంది చిన్న వ్యాపారులతో చేసిన పరిశోధన 2017లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. 500 మందికి మామూలు వ్యాపార పాఠాలు చెప్పారు. మరో 500 మందికి చొరవ నేర్పారు: పక్కవారు చేసిందే చేయకుండా కొత్త అవకాశం వెతకడం, అడ్డంకి వచ్చినా పట్టు వదలకపోవడం. మిగతా 500 మందికి శిక్షణ లేదు. చొరవ నేర్చినవారి లాభాలు 30 శాతం పెరిగాయి. మామూలు పాఠాలు విన్నవారికి పెరిగింది 11 శాతమే, అది కూడా గణాంకాల ప్రకారం నమ్మదగిన తేడా కాదు. తరగతులయ్యాక నాలుగు నెలలపాటు శిక్షకులు నెలకోసారి వారి దగ్గరికే వెళ్లారు. మనలో ఎంతమంది నిర్వాహకులు ఆ పని చేస్తున్నారు?

డొమినికన్ రిపబ్లిక్‌లో చేసిన మరో పరిశోధన నాకు ఇంకా దగ్గరగా అనిపిస్తుంది. పద్దుల శాస్త్రమంతా నేర్పితే చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. తేలిక సూత్రాలు నేర్పితే వ్యాపారులు లెక్కలు మెరుగ్గా చూసుకున్నారు. వాటిలో ఒకటి: ఇంటి డబ్బు ఒక సొరుగులో, వ్యాపారం డబ్బు ఇంకో సొరుగులో పెట్టాలి. అటుదిటు మారిస్తే చీటీ రాసి వేయాలి. నా కుట్టుమిషన్ బల్లకు సరిగ్గా రెండు సొరుగులున్నాయి. పాల డబ్బుకు కుడి సొరుగులో చెయ్యి పెట్టినా చీటీ పడాల్సిందే. నెలాఖరున ఆ చీటీలు కూడితే ఇల్లు వ్యాపారాన్ని ఎంత తినేసిందో తెలుస్తుంది. ఆస్తి అప్పుల పట్టిక బోర్డు మీద గీసిన రోజు మా గదిలోనూ సగం మంది మళ్లీ రాలేదు, సొరుగుల పాఠానికి మాత్రం ఎవరూ కదల్లేదు.

పరిశీలన:
రుసుము కన్నా ముందు తేల్చాల్సింది, ఆ తరగతి చెప్పేది ఎవరని. మూడు రోజులు ఉచితంగా చెప్పి, నాలుగో రోజు ఖరీదైన కోర్సు అంటగట్టేవారున్నారు. అప్పు ఇచ్చే సంస్థ మనిషే వచ్చి ‘పెట్టుబడి ఎలా తేవాలి’ అని చెబితే, అప్పు లేకుండా మొదలుపెట్టే దారి ఆయన నోట రాదు. అమ్మకం జరగకూడదని నిర్వాహకులు ముందే రాయించుకోవాలి.

చిట్టా:
పరిశీలన గారి మాటతో నేనూ ఏకీభవిస్తాను. సూదీదారం గారూ, పాఠం మారాలన్నదీ ఒప్పుకుంటాను. కానీ ఖాళీ కుర్చీల మాట అలాగే ఉంది. మంచి పాఠానికి కూడా పేరు ఇచ్చి రానివారు ఉంటారు. వారి వల్ల బయట నిలబడ్డవారికి ఏం జవాబు చెబుతారు?

సూదీదారం:
ముందురోజు ఫోన్ చేసి అడగమంటాను. రామన్నవారి చోటు ఆ సాయంత్రమే జాబితాలో తర్వాతివారికి ఇచ్చేయాలి. సొమ్ము కన్నా ఇది ఎక్కువ శ్రమ, నిజమే. కానీ ఆ శ్రమ పడాల్సింది నిర్వాహకులు, అద్దె కట్టలేక సతమతమయ్యేవారు కాదు. పిల్లల్ని చూసుకునే దిక్కు లేక మానేసినవారు మా తరగతిలోనే ఉన్నారు. వారికి కావాల్సింది పక్క గదిలో పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే ఒక మనిషి.

కుదురు:
ఈ విడతకు సొమ్ము అడగబోవడం లేదు. మధ్యలో మానేసినవారికి ఈ వారమే ఫోన్లు చేస్తాం, ఎందుకు మానేశారో వారి నోటే వింటాం. పద్దుల పాఠాన్ని రెండు సొరుగులతో మొదలుపెడతాం. చిట్టా గారూ, అప్పటికీ కుర్చీలు ఖాళీగా ఉంటే మీ ప్రతిపాదనను సభ్యుల ముందు నేనే పెడతాను.