మూడో నెల స్కాన్‌లోనే బిడ్డ వెన్ను చూడమని అడగాలా?

ప్రవల్లిక_హొరమావు: నాకు 12వ వారం. సోమవారం ఎన్‌టీ స్కాన్ (బిడ్డ మెడ వెనక నీటి మందం కొలిచేది). మా ఆడపడుచుకు పోయినేడు ఐదో నెల స్కాన్‌లో బిడ్డ వెన్ను మూసుకోలేదని చెప్పారు. అప్పట్నుంచీ నాకు టెన్షన్. ఈ స్కాన్‌లోనే చూడమని అడుగుదామంటే మావారు "డాక్టరుకు నువ్వు చెప్పాలా" అంటున్నారు.

శీను_మారతహళ్ళి: డబ్బు దండగ. 12 వారాలకు బిడ్డ ఐదారు సెంటీమీటర్లు ఉంటుంది. అందులో వెన్ను ఏం కనబడుతుంది? మాకు రెండు కాన్పులకూ టిఫాలోనే, అంటే ఐదో నెల స్కాన్‌లోనే, అన్నీ చూశారు.

నెల్లూరు_పిల్ల: ఫోలిక్ యాసిడ్ వేసుకుంటున్నారా అక్కా?

లత_సోనో: నేను స్కానింగ్‌లోనే పనిచేస్తాను. 12 వారాలప్పుడు వెన్నుకంటే ముందు తల వెనక చూస్తాం. వెన్ను తెరుచుకుని ఉంటే మెదడు వెనక భాగం కిందికి జారుతుంది. అప్పుడు అక్కడ నల్లగా కనబడాల్సిన నీటి సందు సన్నబడుతుంది, లేదా కనబడదు. ఎన్‌టీ కొలవడానికి పక్కనుంచి తీసే బొమ్మలోనే ఇదీ తెలుస్తుంది. 2009లో బెర్లిన్, లండన్ డాక్టర్లు రాసిన సంగతి ఇది, ఇంట్రాక్రేనియల్ ట్రాన్స్‌లూసెన్సీ అంటారు. ఐదో నెలకైతే తల నిమ్మకాయలా, చిన్నమెదడు అరటిపండులా కనబడతాయి, అది ఇంకా తేలిక. చర్మం కప్పేసిన లోపాలు మాత్రం మూడో నెలలో సాధారణంగా దొరకవు. కాబట్టి అడగండి, టిఫా మాత్రం మానకండి. ఫోలిక్ యాసిడ్ గర్భానికి ముందునుంచే రోజుకు 400 మైక్రోగ్రాములు వేసుకోవాలి, ఎందుకంటే వెన్ను, మెదడు తయారయ్యే గొట్టం గర్భం నిలిచిన 28 రోజులకే మూసుకుంటుంది.

శీను_మారతహళ్ళి: దొరకవని మీరే అంటున్నారుగా. ఐదారు సెంటీమీటర్లు మేడమ్.

లత_సోనో: ఆ సెంటీమీటర్లు వదలరా మీరు! అన్నీ దొరకవు అన్నాను, ఏదీ దొరకదు అనలేదు.

సుజాత_కేఆర్‌పురం: మా చెల్లికి మూడో నెల రిపోర్టులో "నార్మల్" అని ఒక్క ముక్క రాసిచ్చారు. వెన్ను మాటే లేదు. ఐదో నెల స్కాన్‌కు అపాయింట్‌మెంట్ దొరికేసరికి 21 వారాలు. 2021లో అబార్షన్ చట్టం మారాక కూడా 20 వారాలు దాటితే ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి, 24 దాటితే మెడికల్ బోర్డు. ఆ కాగితాల కోసం తిరిగినన్నాళ్ళూ లోపల బిడ్డ కదులుతూనే ఉంది. మూడో నెలలో చెప్పుంటే ఆ నరకం ఉండేదా?

శీను_మారతహళ్ళి: అదీ సంగతి. త్వరగా చూసేది త్వరగా తీసేయడానికన్నమాట. ముందే చెప్పాల్సింది.

సుజాత_కేఆర్‌పురం: మోసింది మీరా? నోరు అదుపులో పెట్టుకోండి.

నెల్లూరు_పిల్ల: అన్నా, పాపం వాళ్ళ చెల్లెలి విషయం అది.

శీను_మారతహళ్ళి: మోయలేదమ్మా. పెంచుతున్నాను. రెండో కాన్పు టిఫాలో మాకూ అదే చెప్పారు. వాడికిప్పుడు ఎనిమిదేళ్ళు. కాళ్ళకు బ్రేసులు, రోజుకు నాలుగుసార్లు మూత్రానికి ట్యూబు నేనే పెడతాను. మూడో నెలలో తెలిసుంటే మా అమ్మానాన్నలు ఉంచనిచ్చేవాళ్ళు కాదు, నేనూ తలూపేవాణ్ణేమో. ఐదో నెలకు వాడు తన్నడం మొదలుపెట్టాడు, మా ఆవిడ ససేమిరా అంది. మీకు నరకమైన ఆ కదలికే మాకు వాణ్ణి మిగిల్చింది.

సుజాత_కేఆర్‌పురం: మీ ఆవిడకు ఎంచుకునే వీలు దొరికింది. మా చెల్లికీ అదే కావాల్సింది, ఇంకొంచెం ముందు.

లత_సోనో: ముందు తెలిస్తే తీసేయడం ఒక్కటే దారి కాదు. పిల్లల న్యూరోసర్జన్ ఉన్నచోట కాన్పు పెట్టుకోవచ్చు. కడుపులో ఉండగానే చేసే ఆపరేషన్ కూడా ఉంది. 2011లో వచ్చిన అమెరికా పరిశోధనలో 26 వారాల లోపే చేశారు, తలలో చేరిన నీటిని బయటికి తీసే గొట్టం (షంట్) వేయాల్సిన పిల్లలు బాగా తగ్గారు. అందరికీ కుదరదు, తల్లికీ రిస్కే. అయినా ఆలోచించుకోవడానికి వారాలు కావాలి కదా.

శీను_మారతహళ్ళి: మాకిది ఎవరూ చెప్పలేదు.

ప్రవల్లిక_హొరమావు: సోమవారం అడుగుతాను. మావారికి ఇదంతా చదివి వినిపించాను, మాట్లాడలేదు. శీను గారూ, బాబు స్కూలుకు వెళ్తున్నాడా?

శీను_మారతహళ్ళి: మూడో తరగతి. కన్నడ నాకంటే బాగా మాట్లాడతాడు.