ఇంట్లోనే స్కీలు చేద్దామనుకుంటున్నాను: వాక్యూమ్ బ్యాగ్ చాలా, ప్రెస్ కట్టాల్సిందేనా?

రంపంపొట్టు:
అందరికీ నమస్తే. వడ్రంగం నాకు ఉద్యోగం కాదు గానీ ఆరేడేళ్ళుగా సాయంత్రాలన్నీ దానికే పోతున్నాయి. మంచాలు, అల్మారాలు చేశాను, పోయినేడు ఒక చిన్న పడవకి ఫైబర్‌గ్లాస్, ఎపాక్సీ జిగురు కూడా నేనే వేసుకున్నాను. ఇప్పుడు మంచు మీద జారడానికి కాళ్ళకి కట్టుకునే నా స్కీలు నేనే చేసుకోవాలని పట్టుదలగా ఉంది, అవి కుదిరితే తర్వాత రెండు కాళ్ళూ ఒకే పలక మీద పెట్టే స్నోబోర్డ్ ఒకటి. కొలతలు గీసి పెట్టుకున్నాను: పొడవు 178 సెం.మీ., వెడల్పు ముందు 132, నడుము దగ్గర 98, వెనక 124 మి.మీ. మధ్యలో కొద్దిగా క్యాంబర్, అంటే నడుము పైకి లేచిన వంపు, ముందు కొస కాస్త ఎక్కువ లేచి ఉండేలా రాకర్.

తేల్చుకోలేకపోతున్నది ప్రెస్ సంగతే. పడవ కోసం కొన్న వాక్యూమ్ పంపు ఉంది. బ్యాగ్‌లో పెట్టి గాలి లాగేస్తే చాలని కొందరంటారు, ఇనుప దూలాలతో ప్రెస్ కట్టి గాలి గొట్టంతో నొక్కకపోతే పొరలు ఊడిపోతాయని ఇంకొందరంటారు. రెండోది కోర్, అంటే పొరల మధ్యలో ఉండే చెక్క. మొత్తం పాప్లర్‌తో చేయొచ్చా, మధ్యలో గట్టి చెక్క కలపాలా? మందం ఎంత పెట్టాలి? చేసి చూసినవాళ్ళు చెబితే ధైర్యంగా మొదలుపెడతాను.

పాతచిత్రిక:
ముందు ప్రెస్ లెక్క చూద్దాం. వాక్యూమ్ ఎంత బాగా లాగినా గాలి ఒత్తిడిని మించి నొక్కలేదు, అంటే ఒక బార్ లోపే, చదరపు మీటరుకి సుమారు 9 టన్నులు. గాలి గొట్టం ప్రెస్‌లో 3 బార్ పెడితే దానికి మూడు రెట్ల పైనే వస్తుంది. బాగానే ఉంది కదా అనిపిస్తుంది, కానీ ఆ గొట్టం కిందికి ఎంత నొక్కుతుందో పైకీ అంతే నెడుతుంది. 15 సెం.మీ. వెడల్పు, 190 సెం.మీ. పొడవున్న గొట్టం 3 బార్ల దగ్గర 8 టన్నుల పైన తోస్తుంది, ఆ మొత్తాన్నీ దూలాలు, వాటిని పట్టుకున్న బోల్టులే మోయాలి. వెల్డింగ్ మీద పూర్తి నమ్మకం లేకపోతే దాని జోలికి పోకండి, పక్కన నిలబడేది మీరే. పంపు చేతిలోనే ఉంది కాబట్టి మొదటి జత వాక్యూమ్‌లో చేసేయండి. కాకపోతే కొసల దగ్గర స్టీల్ ఎడ్జ్‌ని, అంటే స్కీ అడుగు అంచున ఉండే ఇనుప పట్టీని, వాక్యూమ్ వంచుతుందని ఆశపడొద్దు, దాన్ని అచ్చు వంపుకి ముందే చేత్తో వంచి, వదిలేసినా ఆ వంపులోనే ఉండేలా చేసుకోవాలి.

ఇక అసలు పని కోర్. అందరూ ప్రెస్ గురించే అడుగుతారు గానీ, మంచు మీదికి వెళ్ళాక స్కీ మెత్తగా ఉందా, బిరుసుగా ఉందా అన్నది ఎక్కువగా తేల్చేది కోర్ మందమే. కొసల్లో 2 మి.మీ., కాలు ఆనే చోట 11 మి.మీ. పెట్టుకుని మొదలుపెట్టండి. ఒట్టి చెక్క పలకైతే దాని బిరుసు మందం ఘనంతో పెరుగుతుంది, పైనా కిందా ఫైబర్‌గ్లాస్ పొరలు పడ్డాక ఆ పెరుగుదల వర్గానికీ ఘనానికీ మధ్యలో ఉంటుంది. ఏ లెక్కన చూసినా 11ని 12 చేస్తే స్కీ 19 నుంచి 30 శాతం బిరుసెక్కుతుంది. ఒక్క మిల్లీమీటరు! చిత్రికతో కంటిచూపు మీద దించే పని కాదిది. రెండు వైపులా వాలు పట్టాలు పెట్టి వాటి మీద రూటర్‌ని (చెక్కని తొలిచే మిషన్‌ని) నడిపించండి, ఆ తర్వాత ప్రతి 10 సెం.మీ.కి ఒకసారి వెర్నియర్‌తో కొలిచి రెండు కోర్ల అంకెలూ పక్కపక్కన రాసుకోండి. జతలో ఒకటి బిరుసు, ఒకటి మెత్తన అయితే ప్రతి మలుపులోనూ కాలికి తెలుస్తుంది.

చెక్క విషయానికొస్తే పాప్లర్ మంచిదే, తేలిక, పని సులువు. కానీ బూటుని స్కీకి పట్టి ఉంచే బైండింగ్ స్క్రూలు గట్టిగా పట్టుకోవాలంటే మధ్యలో రెండు మూడు బద్దలు యాష్ గానీ మేపుల్ గానీ వేయండి. బద్దలన్నీ నిలువుగా నిలబెట్టి అతికించాలి, పీచు కొసాకొసా నేరుగా సాగాలి, కణుపులు ఉండకూడదు, బాగా ఆరి ఉండాలి.

తెల్లవాలు:
పాతచిత్రిక గారు కోర్ అన్నారు, ఒప్పుకుంటాను, కానీ మొదటి జతలు ఎక్కువగా పాడయ్యేది అతుకు దగ్గర. నాది అలాగే పోయింది. మూడో రోజు మంచులో తిరిగొచ్చి స్కీ తుడుస్తుంటే కాలి కింద భాగంలో బేస్, అంటే మంచుని తాకే అడుగు ప్లాస్టిక్ పొర, చిన్నగా ఉబ్బి కనిపించింది. చాకు మొనతో కదిపితే పొర లేచి వచ్చింది. లోపల చూస్తే బొటనవేలంత మచ్చ, అక్కడ ప్లాస్టిక్ నున్నగా ఉంది, రెసిన్ (ఎపాక్సీ) అద్దంలా మెరుస్తూ విడిగా ఉంది, చుట్టూ మాత్రం గ్లాస్ పోగులు బేస్‌ని పట్టుకుని చిరిగాయి. అది నా వేలిముద్రే. పేర్చేటప్పుడు గ్లవ్స్ లేకుండా బేస్‌ని ఒకసారి సర్దాను, అంతే.

ఆ బేస్ పాలిథిలిన్. మామూలుగా దానికి ఏ జిగురూ అంటదు, అందుకే అతికించే వైపుని మంటతో తేలికగా కాల్చో, గరుకు చేసో అమ్ముతారు. ఆ వైపు చేతి జిడ్డు సోకకూడదు. దుమ్ము పడినా సరే తడిగుడ్డ కాకుండా ఆల్కహాల్‌తో తుడవండి. స్టీల్ ఎడ్జ్ కూడా అంతే, నూనె పోయేలా తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, మళ్ళీ తుడవాలి. ఎడ్జ్ పైన సన్నటి రబ్బరు పట్టీ వేయడం మానేయకండి. స్కీ వంగినప్పుడు స్టీల్, గ్లాస్ ఒకేలా సాగవు, మధ్యలో ఆ రబ్బరు లేకపోతే లాగుడంతా అతుకు మీదే పడుతుంది.

ఇంకొకటి, తొందరపడి దుప్పటి హీటర్ పెట్టి ఉడికించొద్దు. వేడికి బేస్ ప్లాస్టిక్ గ్లాస్ కన్నా చాలా ఎక్కువ సాగుతుంది, ఆ సాగిన స్థితిలో రెసిన్ గట్టిపడి తర్వాత చల్లారితే బేస్ కుంచించుకుపోతుంది. అప్పుడు స్కీ అడుగు అడ్డంగా గుంటపడి అంచులు రెండూ ఎత్తుగా నిలుస్తాయి, ఎంత గీకినా ఒక పట్టాన చదును కాదు. గది వేడిలోనే ఆరే ఎపాక్సీ తీసుకుని ఒక రోజు పూర్తిగా బ్యాగ్‌లో వదిలేయండి.

రెండుఅంచులు:
నేను స్నోబోర్డులే చేస్తాను కాబట్టి ఆ వైపు నుంచి రెండు మాటలు. మీరు స్కీలతో మొదలుపెడుతున్నారు గానీ బోర్డే ముందు చేయమంటాను. ఒక్కటే కదా, జత కలిసిందా లేదా అన్న టెన్షన్ ఉండదు. కోర్ మధ్యలో 7, 8 మి.మీ. చాలు, వెడల్పు ఎక్కువ కాబట్టి. అదనంగా వచ్చే పని ఇన్సర్ట్‌లు: బైండింగ్ బోల్టులు ఎక్కే ఆ 6 మి.మీ. మర గుండీలని కోర్‌కి కింది వైపు నుంచి దించాలి, ప్రతి దాని మరలోకీ రెసిన్ చొరబడకుండా మైనంతోనో టేపుతోనో మూయాలి. ఒక్కటి మూయడం మరిచిపోయినా ఎండిన ఎపాక్సీని మరలోంచి గీకి తీయడానికి ఒక సాయంత్రం పోతుంది.

స్కీల నుంచి బోర్డుకి వెళ్ళాలనే ఆలోచన మీదొక్కరిదే కాదండీ. 1965లో షెర్మన్ పాపెన్ అమెరికాలో మిచిగన్‌లోని తన ఇంట్లో పిల్లల కోసం రెండు స్కీలని పక్కపక్కన పెట్టి బిగించాడు. అదే స్నర్ఫర్ అయింది, ఇప్పటి స్నోబోర్డుకి ముందుతరం అదే. ఇంట్లో చేసిన వస్తువే. నాకు ఆ సంగతి ఎప్పుడు గుర్తొచ్చినా చేతులు ఊరుకోవు.

రంపంపొట్టు:
ఇంత వివరంగా రాస్తారనుకోలేదు, ముగ్గురికీ థ్యాంక్స్. వాక్యూమే ఖాయం చేసుకున్నాను. వేలిముద్ర సంగతి చదివాక గ్లవ్స్ డబ్బా బల్ల మీద ఎదురుగా పెట్టుకున్నాను. బోర్డు ముందు చేయమన్న సలహా మంచిదే, కానీ నేను తొక్కేది స్కీలే, అందుకని వాటితోనే మొదలుపెడతాను. ఒక సందేహం మిగిలింది. నేను గీసిన వెడల్పులతో మలుపు ఎంత చిన్నగా తిరుగుతుంది? వెడల్పైన రెండు చోట్ల మధ్య దూరం 140 సెం.మీ. వచ్చింది.

పాతచిత్రిక:
ముందూ వెనకా సగటు 128, నడుము 98, తేడాలో సగం 15 మి.మీ., అదే మీ సైడ్‌కట్ (పక్కల లోపలికి ఉండే వంపు) లోతు. మీరు చెప్పిన ఆ 140 సెం.మీ.ని మీటర్లలో వర్గం చేసి, లోతుకి ఎనిమిది రెట్లతో భాగించండి: 1.4ని 1.4తో గుణిస్తే 1.96, దాన్ని 0.12తో భాగిస్తే 16 మీటర్ల కాస్త పైన వ్యాసార్థం. అన్ని రకాల మంచుకీ పనికొచ్చే కొలత, మార్చొద్దు.

కోర్ కోసే ముందు ఒక పని చేయండి. మిగిలిన చెక్కతో చేతివెడల్పు ముక్క ఒకటి తీసుకుని బేస్, ఎడ్జ్, రబ్బరు, గ్లాస్, కోర్, మళ్ళీ గ్లాస్, అన్నీ అసలు దానిలాగే పేర్చి బ్యాగ్‌లో పెట్టండి. ఆరాక బెంచీకి బిగించి, పొరల మధ్య ఉలి పెట్టి సుత్తితో కొట్టి విడదీయండి. చెక్క చిరిగి గ్లాస్‌కి అంటుకుని వస్తే, బేస్ మీద పోగులు మిగిలితే, మీ పద్ధతి సరిగ్గా ఉంది. ఎక్కడైనా నున్నగా ఊడిందంటే ఆ చోట ఏం చేశారో వెతకండి.

రంపంపొట్టు:
ముక్క నిన్న రాత్రి బ్యాగ్‌లో పెట్టి ఇప్పుడే విడదీశాను. బేస్ వైపు ఉలి దిగనే లేదు, చివరికి పాప్లరే చీలి గ్లాస్‌తో పాటు వచ్చింది. కానీ ఎడ్జ్ పక్కన అర అంగుళం మేర గ్లాస్ తెల్లగా, పొడిగా ఉంది, రెసిన్ అక్కడికి సరిగ్గా చేరలేదు. రబ్బరు పట్టీ మీద విడిగా బ్రష్‌తో రాసి ఇంకో ముక్క పెట్టాను, రేపు సాయంత్రం అదీ కొట్టి చూస్తాను.